గిట్టుబాటు

తొలకరి పడి రెండునాళ్లయింది.
జొన్నగిరి చేలల్లో జనం
తలలు వేలాడేసి నడుస్తాండారు.
బళ్లారి నుంచి కొందరు, గుంతకల్లు నుంచి కొందరు,
గట్టు మీద టార్పాలిన్ కింద సద్దిమూటలు పెట్టుకొని
ఎర్రమట్టిలో ఒక్క మెరుపు కోసం.

వాళ్ల నడుమ నేనొక్కణ్ణి
చెవులకు వైర్లు తగిలించుకొని
నేలకు జానెడెత్తున పళ్లెం ఊపుకుంటా పోతాండాను.

"ఉశేనప్పా, వజ్రానికి మోగుతుందా నీ మిషను?"
మోగదు.
"మరింక దేనికి?"
ఇనుముకు. రాగికి. ఇత్తడికి.
బంగారానికీ మోగుతుందంట, నేనింకా వినలేదు.
వాళ్లు నవ్వితే నాకూ నవ్వొచ్చింది.
కోటి రూపాయల రాయి మీద నుంచి పోయినా
ఉలకదు పలకదు,
ఎద్దు లాడంలో ఊడిన మేకుకు మాత్రం
తల్లి కనబడని మేకపిల్ల మాదిరి అరుస్తుంది.

తుగ్గలిలో నాది మోటార్ల వైండింగ్ అంగడి.
నీళ్లు అడుగంటినా ఆపబుద్ధి కాక
రైతులు కాలబెట్టుకున్న మోటార్లే నాకు అన్నం.
ఆ మాడిన తీగలో మాడకుండా మిగిలిన మూరలు
ఏరి, అతికి, చుట్టిందే ఈ పళ్లెం.

మాబున్నికి ఇదంతా గిట్టదు.
మూడేండ్ల ఆదివారాలు
చాటలో పోసి చూపించింది ఒకనాడు:
సోడా మూతలు, సగం కొడవలి, అరిగిన కర్రు మొన,
తామరపువ్వున్న ఇరవై పైసల బిళ్ల,
నాలుక లేని దున్నపోతు గంట.
గుజిరీ అంగడాయన తూకమేసి
నూట పన్నెండు అన్నాడు.
"బ్యాటరీలకే మూడొందలయింటాయి," అనింది,
గంట మాత్రం తీసి దాచుకుంది,
ఎందుకో చెప్పలేదు.

ఆమెకు ఎట్లా చెప్పేది?
వారమంతా నా అంగట్లో కాలిన వాసన,
ఎవరో ఒకరు "ఎప్పుడిస్తావు, పైరు ఎండుతాంది" అనే మాట.
ఆదివారం ఈ చెవుల్లో ఉత్త గుయ్ మనే శబ్దం.
నన్నెవరూ ఏమీ అడగని శబ్దం.
అది మూతలకు మారుతుందా, అమ్ముకునేదానికి?

బీరలింగప్ప చేను నైరుతి మూల
మొన్న మిషను అరిచింది.
మేకు అరుపు కాదు, బిళ్ల అరుపు కాదు,
పళ్లెం పక్కకు తీసేదాకా ఆగని అరుపు.
వజ్రాల జనం కూడా తలలెత్తినారు.
ఎవరో "బిందె!" అన్నారు.
ఎవరో వెంటనే పోలీసుల మాట ఎత్తినారు.

మూరెడు తవ్వితే బండ.
బండ జరిపితే తుప్పు పట్టిన పైపు నోరు.
గుంపు చీదరగా కదిలిపోయింది.
బీరలింగప్ప పోలేదు.
గొంతుక్కూర్చుని పైపు అంచు మీది మట్టి
వేలితో తుడిచినాడు.

"మా నాయన వేయించిన నాలుగో బోరు.
ఆరువందల అడుగులు, జత ఎద్దులు.
దుమ్మే లేచింది.
యాడుందో మరిచిపోయినా ఉశేనీ,
దీని మీదనే పందొమ్మిదేండ్లు గొర్రు తోలినా."

ఒక చిన్న రాయి లోపలికి వదిలినాడు.
ఇద్దరం వంగి విన్నాం.
నేను చెవుల్లో వైర్లు పీకేసి మరీ విన్నాను.
ఏమీ రాలేదు.
లేక, మాకు వినే ఓపిక చాల్లేదో.

బండ మళ్లీ మూసి,
పైన గుర్తుకు సున్నపురాయి పెట్టి,
బీడీ ముట్టించుకొని అటే చూస్తా నిలబడినాడు.
ఏమనుకుంటాండావని నేను అడగలేదు.

పొద్దున అంగడి తలుపు తీయకముందే వచ్చినాడు.
"పడమటి చేన్లో ఇంకో రెండుండాల.
పిల్లోళ్లు మేకల్ని తోలుకుపోతాంటారు ఆడ.
బండలు ఉండాయో పగిలినాయో చూడాల.
కూలి ఎంత తీసుకుంటావు?"

మూడేండ్లలో ఈ మాట అడిగినోడు లేడు.
చేతిలో కాలిన మోటారు పక్కన పెట్టి
కొంచేపు ఆలోచించి,
"రెండు బ్యాటరీలు" అన్నాను.