నిదానం పందెం

జెండా ముడి ఈసారీ బిగుసుకుంది.
రెండుసార్లు గుంజితే కదల్లా,
మూడోసారికి బంతిరేకులన్నీ
కండక్టరు దొరస్వామి బట్టతలమీదే రాలినాయి.
పాట మధ్యలో నవ్వు ఆపుకోలేక
పిల్లోళ్ళు ముక్కులు మూసుకున్నారు.
ఆయన మటుకు చెయ్యి దించలా.
ముప్పైరెండేళ్ళు బస్సులో నిలబడినోడికి
ఒక్క నిమిషం లెక్కా.

చిత్తూరులో, పాలడిపో వెనక మా వీధిలో
పంద్రాగస్టు పొద్దున బొరుగులూ బెల్లమూ,
మనిషికో చాక్లెట్టు, ఆపైన ఆటలు.
గోనెసంచులు మండీ నుంచి మస్తాన్ తెచ్చినాడు.
దూకినప్పుడల్లా బెల్లం వాసన;
చీమలు కూడా పందెంలోకి దిగినాయి.
కుర్చీలాటలో ఆఖరి కుర్చీ కాడ
లెక్కల టీచరమ్మా, ఇస్త్రీబండి గోవిందమ్మా
ఒకరి ఒళ్ళో ఒకరు కూలబడి లేవనేలేదు.
తీర్పు ఎవురూ చెప్పలా.

ఇంగ నిదానం పందెం.
జయమ్మ అంగడి నుంచి ట్రాన్స్‌ఫార్మరు దాకా,
అటొకటి ఇటొకటి, సుద్దతో గీతలు నేనే గీసినా.
సైకిలు ఆగకూడదు, కాలు కింద ఆనకూడదు,
ఆఖర్న వచ్చినోళ్ళదే గెలుపు.
దొరస్వామి పాత విజిలు ఊది
అలవాటు కొద్దీ "రైట్ రైట్, పోనీ" అనేసినాడు.
అది విని మా తమ్ముడు సర్రన పొయ్యి
అందరికన్నా ముందుగా ఓడిపాయ.
నేను పది మూరలు పోయి కాలు పెట్టేసినా.

మిగిలింది కనకవల్లి.
కొడుకు సైకిలు పట్టుకోమంటే పట్టుకోను వచ్చింది,
ఎవరో ఎక్కమంటే కొంగు దోపుకొని ఎక్కింది.
ముందుచక్రం రవ్వంత కుడికి, రవ్వంత ఎడమకి.
నిలబడి ఉందా, పోతా ఉందా,
చూసేవాళ్ళకి తెలీలా.
చూపు రోడ్డుమీద ఉంది గానీ
మనసంతా వెనక క్యారియరు మీద,
అక్కడేదో బరువున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.
ఆ కరువు ఎండాకాలాలు.
ట్యాంకరు రాత్రి ఒంటిగంటకొచ్చే రోజులు.
అటు రెండు, ఇటు రెండు బిందెలు కట్టుకొని
గుంతల దోవలో చుక్క తొణక్కుండా
ఇల్లు చేరేది ఈమే.
మిద్దెమీద పడుకొని
ఆ సైకిలు కిర్రుమనేది వినేవాణ్ణి.
ఎవురబ్బా ఈ యాళప్పుడు అని
దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి.
ఒక్కసారీ దిగి వచ్చి పట్టుకోలా.

ఆమె గీత దాటేసరికి
అంగడికాడ టీ చల్లారిపొయ్యింది.
ఈలలు, అరుపులు.
గాలి లేక జెండా కూడా
నిదానంగానే ఉంది.

బహుమతి పచ్చ ప్లాస్టిక్ బిందె.
దాన్ని అటూ ఇటూ తిప్పింది,
గోటితో తట్టి చప్పుడు వినింది.
"ఒక్కటైతే సైకిలు ఒరుగుతుంది గదన్నా,
జతియ్యండి" అనింది.
వీధి వీధంతా నవ్వింది.

మా ఇంట్లో అటకమీద
వాడకుండా పెట్టిన ఎర్రబిందె ఒకటుంది.
సుద్ద అంటిన చేతుల్తోనే
దానికోసం పోయినా.