పాతాళగరిగె

ఎల్గోయ్‌బార్‌లో వాన కురవదు, కారుతుంది.
లోయ అడుగున, నది పక్కన, రేకుల కప్పు కింద
ప్లాస్మా బల్లలో నీళ్ళు
పొద్దుటి నుంచీ మసలబోతున్నట్టే ఉన్నాయి.
ఒక మెరుపు, ఒక కీచు, కాస్త ఆవిరి,
రేకులోంచి ఒక పేరు విడివడింది:
గార్బిఞె.

రొట్టెల కొట్టు బోర్డు అది.
రేపు తెల్లారకముందే తలుపులు తీస్తారు.
అక్షరాలన్నీ బుద్ధిగా పట్టీల మీద ఆగాయి.
జారిపోయినవి రెండే:
ఐ నెత్తిన చుక్క,
ఎన్ నెత్తిన అల.

అల ఎంతని! చిటికెన వేలి గోరంత.
అది లేకపోతే గార్బిఞె కాస్తా గార్బినె.
అలాంటి మనిషి ఆ ఊళ్ళో లేదు.
మన ఞ సంగతీ ఇంతే.
వరసలో నిలబడ్డానికి తప్ప కొరగాదనుకుంటాం,
ఒకరి పేరులోంచి ఊడిపడే దాకా.

"ముక్క ఊడకుండా వెంట్రుకంత అతుకు వదలమన్నానా లేదా?"
ఇత్సాసో గొంతు మిషను కంటే పైన ఉంది.
బొమ్మ గీసిన బెఞాత్ కంప్యూటరు వెనక్కి ఒదిగాడు.
వాడి పేరులోనూ ఉంది ఆ అల.
జీతం కాగితం మీద మాత్రం ఏ నెలా ఉండదు.

ముందు అయస్కాంతం కట్టిన కర్ర ముంచింది.
నూతిలో తెగిపడ్డ చేదకి
పాతాళగరిగె వేసి తిప్పినట్టు
మూలమూలా తిప్పింది.
పైకొచ్చినవి: గడ్డం మొలిచినట్టు ఇనప రజను,
రెండు నట్లు, ఒక స్పానరు.
"నాది కాదు" అన్నాడు బెఞాత్, ఎవరూ అడక్కుండానే.
ఈ స్టీలు అయస్కాంతం మాట వినదు.
ఆమెకి తెలుసు.
తెలిసినా ముందు కర్రే ముంచుతాం,
చేయి తడవకుండా అయిపోతుందేమోనని.

"ఇంకోటి కోసేద్దాం, రెండు నిమిషాలు."

"ఇరవై ఏళ్ళుగా ఇక్కడ అందరూ అన్నది అదే"
అంటూ పట్టీలు ఎత్తింది.
కాలి కాలి రంపం పళ్ళైన పట్టీలు.
తొడుగు వేసుకుంటే వేళ్ళకి చూపు పోతుంది.
విప్పేసింది.
మందు కలిసి పచ్చబారిన నీళ్ళలోకి మోచెయ్యి,
మోచెయ్యి దాటి జబ్బ.
అడుగున జానెడు మడ్డి, కాటుకంత మెత్తన.
మెత్తదనం లోపల ఎక్కడ పదునుందో తెలీదు.

ఇత్సాసో అంటే ఆ భాషలో సముద్రం.
సముద్రం బల్ల మీద వంగి
తొట్టెలో అల కోసం దేవుకుంటోంది.
ఈ మాట బెఞాత్‌కి తట్టింది,
పైకి అనే ధైర్యం చాల్లేదు.

చుక్క రెండో మునకలోనే దొరికింది.
అల కోసం అరగంట.
ఒకటి కాదు, మూడొచ్చాయి.
ఏ వీధి పలకదో, ఎవరి సమాధి మీదిదో,
ఎవరి గేటుదో,
జారినప్పుడు ఎవరూ వంగి వెతకనివి.
మడ్డి తుడిస్తే మూడూ తళతళ.

ఒకటి మరీ పెద్దది, ఎన్ మీద గొడుగులా కూచుంది.
ఒకటి కొస కాలి వంకర పోయింది.
మూడోది సరిపోయింది, కాస్త చిన్నదైనా.
ఇవాళ్టిది కాదది. అంచున గరుకు లేదు.
ఇవాళ్టిది ఇంకా కిందే ఉంది.

ఆకురాయి పట్టి, టంకం పెట్టి,
నల్లబడిన చేత్తోనే బోర్డు గోనెలో చుట్టింది.
గార్బి అంటే శుభ్రం.
మూడుసార్లు సబ్బు రుద్దినా
గోళ్ళ కింద నలుపు అలాగే ఉంది.

వంకర అలని జేబులో వేసుకున్నాడు బెఞాత్.
లాకరు తలుపు మీద తన పేరు,
అందులో ఎన్ బోసినెత్తిన.
అయస్కాంతంతో అంటిద్దామని చూశాడు.
జారి కింద పడింది.
మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది.

నోట్లో నములుతున్న బబుల్‌గమ్ తీసి
ఒక చిన్న ముద్ద పెట్టి
బొటనవేలితో గట్టిగా అదిమాడు.