బ్రాకెట్లలో నవ్వు

ఎగ్మూరు స్టేషనుకి కాస్త ఇవతల
రికార్డాఫీసు రెండో అంతస్తు.
పదిహేడు అట్టపెట్టెలు,
నేలటూరి కామాక్షమ్మ, శాసనసభ్యురాలు అని
తమిళంలో చీటీలు.
తెలుగు చదివే మనిషి దొరక్క
పదకొండేళ్ళు అలాగే ఉన్నాయట.
నేను దొరికాను, దినకూలీ మీద.

నాకు బళ్ళో తమిళం.
తెలుగక్షరాలు మాత్రం
మింట్ వీధిలో నాన్న అచ్చాఫీసులో
సీసం దిమ్మల మీద వచ్చాయి,
అన్నీ తిరగబడి.
ఇప్పటికీ అద్దంలో కనిపించే 'క'యే
నాకు అసలు 'క'.

మొదటి పెట్టె నాకంటే ముందు చెదలు చదివేశాయి.
మిగతావాటిలో అర్జీలు:
కొళాయి లేని సందులు, మంత్రసాని లేని ఆస్పత్రి,
వంకాయరంగుకి తిరిగిన వేలిముద్రలు.
ఎన్నికల ఖర్చు చిట్టా ఒకటి:
చేతిరిక్షా బాడుగ పదకొండు రూపాయలు,
గొంతుకి కరక్కాయ, అణా.
సభ ఎజెండాల వెనకవైపు చాకలిపద్దు:
పంచెలు నాలుగు, దుప్పటి ఒకటి,
ఖద్దరు చీర చిరిగింది, డబ్బులు కోయాలి.
దాని కిందే, అదే పెన్సిలుతో,
నీటిపన్ను మీద ఉపన్యాసం.

ఓడిపోయిన ఏడాది
ధరావతు రసీదు కూడా దాచుకుంది.
రాష్ట్రం విడిపోయినప్పుడు
అక్కడివాళ్ళు మద్రాసావిడ అన్నారు,
ఇక్కడివాళ్ళు తెలుగావిడ అన్నారు.
ఆవిడ ఏమందో ఏ పెట్టెలోనూ లేదు.
ఉత్తరాల మీద చిరునామా మాత్రం మారలేదు,
రాయపురం, అదే మేడమెట్ల ఇల్లు.

ఆరో పెట్టెలో సభా కార్యక్రమాల అచ్చుప్రతి.
ఈ భవనంలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఎక్కడ అని
ఆవిడ తెలుగులో అడిగింది.
రికార్డులో అది ఇంగ్లీషులో రెండు లైన్లు,
ఆ తర్వాత బ్రాకెట్లలో ఒక్క మాట:
(నవ్వులు)
ఆ మాట కింద ఎర్రపెన్సిలు గీత.
పక్కన, కాగితం చిరిగేంత నొక్కి,
"ఎవరు?"

చిత్తుప్రతి వేరే ఉంది.
రెండు లైన్లు కాదు, రెండు పేజీలు.
పొద్దున తొమ్మిదికి వస్తే
సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టనని,
టైపిస్టు మరియమ్మ ట్రామెక్కి ఇంటికెళ్ళి వస్తుందని,
ఆ గంటకి జీతం కోస్తున్నారని,
అధ్యక్షా, ఇది నా ఒక్కదాని దాహం కాదని.
దాహం అన్న మాట
ఇంగ్లీషులోకి పోలేదు.

దాని మడతలో ఒక అద్దుడు కాగితం.
అవతల పడెయ్యమన్నాడు సూపరింటెండెంటు,
అది రికార్డు కిందికి రాదట.
కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను.
తిరగబడ్డ అక్షరాలు నాకో లెక్కా!
గౌరవనీయులైన... ఇకమీదట... రాజీనా
అంతే. 'మా' అంటుకోలేదు.

పదిహేడు పెట్టెలూ గాలించాను.
ఆ ఉత్తరం లేదు.
మర్నాటి హాజరు నకలులో మాత్రం
మొట్టమొదటి సంతకం ఆవిడది,
'మ్మ' వత్తు కింది గీత దాటిపోయి
ఇంకొకరి గడిలో దిగింది.

ఆఖరి పెట్టె అడుగున
గుడ్డపీలికకి కట్టిన తాళంచెవి.
"ఆడవారి గది, రెండో చెవి" అని చీటీ,
మూడేళ్ళ తర్వాతి తేదీ.
కాగితం కాదు గనక పట్టికలో దానికి గడి లేదు.
ఇతరములు అని రాయమన్నారు.
ఇంకా రాయలేదు.

మధ్యాహ్నం మూడైంది.
మా అంతస్తులో ఆడవాళ్ళ గదికి తాళం.
చెవి కింద వాచ్‌మన్ దగ్గర,
రిజిస్టరులో రాసి తీసుకోవాలి.
పేరు రాశాను. టైము రాశాను.
"మళ్ళీనా అమ్మా?" అని నవ్వాడు,
పక్కనున్న ఇద్దరూ నవ్వారు.

రిమార్కుల గడి ఖాళీగా ఉంది.
బ్రాకెట్లు పెట్టి
లోపల ముగ్గురి పేర్లూ రాశాను.