పీఠానికి మనిషి కావలెను

ప్రకటన నేనే టైపు చేశాను.
'మత తత్వశాస్త్ర పీఠం, ఖాళీ ఒకటి.
పిహెచ్.డి., పదేళ్ళ బోధన.'
దాని కింద ఫాదర్ ఇన్నయ్య పెన్నుతో చేర్చిన మాట:
'సందేహించడం తెలిసి ఉండాలి.'
అర్హతల గడిలో పట్టలేదది.
ప్రయాణ ఖర్చులు ఇవ్వబడవు అన్న లైను పక్కన
చిన్న అక్షరాల్లో ఇరికించాను.

పేపర్లో చూసి
పూర్ణా మార్కెట్ వడ్రంగి కనకరాజు ఫోను చేశాడు.
పీఠం ఏ స్వామివారికి, టేకా మద్దా,
సింహాలు చెక్కాలా అని.
కూర్చునేది కాదయ్యా, బ్యాంకులో డబ్బు,
దాని వడ్డీ మీద ఒకరు ఆలోచిస్తారు అన్నాను.
కాసేపు ఆగి,
'ఆలోచించడానికి జీతమా?' అన్నాడు.
ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాకూ కొత్తే.

డబ్బు చోడిపల్లి దానయ్యది.
రెండు మరపడవలూ, ఐస్ ఫ్యాక్టరీలో వాటా అమ్మి తెచ్చాడు.
మూడో పడవ అమ్మడానికి లేదు.
ఒక అక్టోబరులో అది
పెద్దకొడుకుతో పాటే వెళ్ళింది.
ప్రార్థన మందిరం కట్టిద్దాం, గోడ మీద పేరు రాయిద్దాం
అన్నారు ఫాదర్లు.
'ఇళ్ళు సాలా ఉన్నాయి బాబూ ఆయనకి.
రేవు కాడ మూడు కొండలూ ఎక్కేను.
మేరీమాత కాడా, దర్గా కాడా, ఎంకన్న కాడా అడిగేను.
ఒక్కరూ పలకనేదు.
అడగడం నేర్పే మడిసిని ఎట్టండి.'

దరఖాస్తులు నలభై మూడు.
రోమ్‌లో చదివినాయన ఫోటోలో కూడా తల వంచలేదు.
ఒకాయన దేవుణ్ణి ఐదు మెట్లలో రుజువు చేసి
ఆరో మెట్టు మీద క్వార్టర్స్ ఉన్నాయా అని అడిగాడు.

ఇంటర్వ్యూ రోజున ఉక్క. హార్బర్ వైపు నుంచి
ఎండుచేపల వాసన, ఇనప ధూళి.
తలుపు దగ్గర స్టూలు మీద దానయ్య,
మడత విప్పిన గీతలు పోని కొత్త చొక్కాలో.
నేను మినిట్స్ రాస్తున్నాను.

నాలుగో మనిషి డాక్టర్ బెహరా సుభాషిణి.
పార్వతీపురం నుంచి బస్సులో వచ్చారు,
తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని.
మతం అన్న గడి ఖాళీగా వదిలేశారు.
నేను పెన్సిల్‌తో దాని చుట్టూ సున్నా చుట్టాను.

పెద్దలు అడగాల్సినవి అడిగారు.
స్టూలు మీంచి లేవకుండా దానయ్య,
'ఒక్క మాట తల్లీ.
తుపాను ఎలిసేక రేవుకెళ్ళేను.
అందరి పడవలూ ఉన్నాయి, మాది నేదు.
నేనిదాన్ని కళ్ళెలా సూసేయి?'

ఫాదర్ ఇన్నయ్య కళ్ళజోడు తీశారు.
ఆవిడ నీళ్ళ గ్లాసు పక్కకి జరిపారు.
'దీని మీద పండితులు వెయ్యేళ్ళు తగువాడారండీ.
నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుందని.
కళ్ళకే తెలుస్తుందని నైయాయికులు.
కాదు, లేమిని తెలుసుకునే దారే వేరని మీమాంసకులు.
పదిహేనేళ్ళు కుండ గురించే పాఠం చెప్పాను.
పడవ గురించి నన్నెవరూ అడగలేదు.'
తర్వాత, గొంతు తగ్గించి,
'అప్పుడు మీరెక్కడ నిలబడ్డారు?'

'తాడు కట్టే దిమ్మ కాడ.
దాని మీద మా తాడు ఒరుపు ఇంకా ఉంది.'

'అభ్యర్థి దాత ప్రశ్నకు సమాధానం ఇవ్వలేదు'
అని రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ అదే రాశాను. నిజమే కదా.

క్రైస్తవేతరులా, అన్నారొకరు. ఆడమనిషి కూడానూ,
అనకుండా ఊరుకున్నారు ఇద్దరు.
ప్రొవిన్షియల్‌కి ఉత్తరం వెళ్ళింది.
పందొమ్మిది రోజులకి ఒక లైను తిరుగు టపాలో:
'దాత ఏమంటున్నాడు?'

ఫిషింగ్ హార్బర్‌కి నేనే వెళ్ళాను.
ఎవరిదో వల, చిరుగులు కుడుతున్నాడు.
'అందరూ నాకు సెప్పినోళ్ళే బాబూ.
ఆయమ్మ నన్ను అడిగింది.'
దారం పంటితో తెంపి
ఇంకో చిరుగు వెతుక్కున్నాడు.

జూన్‌లో చేరతారు.
ఇచ్చిన గది కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ సగమే కనిపిస్తుంది,
మిగతా సగం సైకిల్ షెడ్డు.
నిన్న కనకరాజు ఆటోలో కుర్చీ వేసుకొచ్చాడు,
టేకుది, సింహాల్లేకుండా.
ఎవరు చెప్పారయ్యా అంటే,
'నిలబడి ఎంతసేపని ఆలోచిస్తారండీ' అన్నాడు.

బిల్లు ఏ పద్దులో రాయాలో
ఇంకా తేలలేదు.