తూకంగుండు

కొండ పక్క నేల తవ్వి
సముద్రాన్ని లోపలికి పిలుస్తున్న రోజుల్లో
పూడిక తీసే ఓడలోంచి ఫిట్టరుగా దిగాడట
ఓటకర్ వ్రాబెత్స్.
ఇంటిపేరుకి వాళ్ళ భాషలో పిచ్చుక అని అర్థం.
కోటవీధికి అంత నోరు తిరక్క
"ఓటిదొర" అంది.
ఎడమ భుజం నిజంగానే ఓటిది.

ప్రాగ్ మైదానంలో తెల్లబట్టలేసుకుని
వేలమంది ఒక్కసారే చేతులెత్తితే
అందులో ఒక జత ఆయనవి.
ఇరవై రెండేళ్ళకి
బారు పట్టుకుని, ఒళ్ళంతా నిటారుగా చాచి
గడియారం ముల్లులా పూర్తి చుట్టు తిరిగాడు.
మూడో స్థానం.
కంచు పతకం మీద తన ఊరు లేదు, తన భాష లేదు,
బుగ్గమీసాల చక్రవర్తి ఉన్నాడు.
ఆ చక్రవర్తి కోసమే తర్వాత తూటా.
ఆసుపత్రి నుంచి బయటికొచ్చేసరికి
చక్రవర్తి లేడు, దేశానికి పేరు మారింది,
చెయ్యి చెవి దాకానే లేస్తోంది.

ఇందులో ఒక్క ముక్కా ఆయన చెప్పలేదు.
పోయాక, ట్రంకుపెట్టెలో కాగితాలు
జర్మను వచ్చిన పాదిరీ ఎవరో కూడబలుక్కుని చదివాడు.

మా ముత్తాత మైలపల్లి కొర్లయ్య చూసింది వేరు.
సాయంత్రం షిఫ్టు దిగి
చెంగల్రావుపేట ఇసకలో రెండు గుంజలు పాతి
క్రేను కడ్డీ ఒకటి సానబట్టి అడ్డంగా బిగించి
కింద కొబ్బరిపీచు పరిచి
వల లాగే కుర్రాళ్ళని వేలాడదీసేవాడట.
"మా అరిచేతులు ముందే కాయలు కాసున్నాయిరా,
దొరకి అదే నచ్చింది" అనేవాడట.
వచ్చిన తెలుగు రెండు మాటలు: పట్టు. వదులు.
చాలా ఏళ్ళకి మూడోది నేర్చాడు,
అదే గట్టిగా అరిచేవాడు:
దిగు!
ఎగరడం చూడ్డు. కాళ్ళు నేలకి ఎలా తగిలాయన్నదే చూస్తాడు.

ఇసకలో గుంజ తిన్నగా నిలవదు కదా.
ఓరోజు జేబులోంచి పతకం తీసి
గేలపు దారానికి కట్టి వేలాడదీసి
ఒంటికన్ను మూసి తూకం చూశాడు.
ఆ మర్నాటి నుంచీ దాని పని అదే.

ఇప్పుడది నా దగ్గరుంది.
పోర్టు గ్రౌండులో ఆరింటికి బార్లు నేనే నిలబెడతాను.
ఫోనులో మట్టం చూపించే యాప్ ఉంది మేడమ్,
అంటాయి మా గుంటలు.
ఉండండర్రా అంటాను.
దారం చివర చక్రవర్తి
ఓసారి యారాడ కొండ వైపు, ఓసారి క్రేన్ల వైపు
మొహం తిప్పుతుంటాడు.
గాలి తగ్గేదాకా
పిల్లలు చేతులకి తెల్లపొడి రాసుకుంటూ
నిలబడతారు.