మూడో కుర్చీ

యాభై ఆరులో, మేరీలాండ్‌లో,
మా వార్డుకి రోగి ఒక్కతే రాలేదు.
అమ్మా నాన్నా తమ్ముడూ పెట్టెలు మోసుకుంటూ వచ్చారు.
తమ్ముడి చంకలో బేస్‌బాల్ గ్లౌవు.
పేషెంటు పేరు అన్నచోట
నా పెన్ను ఆగింది.
"అందరివీ రాయి, వెర్నా" అన్నాడు డాక్టరు.
గడి చిన్నది. అంచు దాటించి రాశాను.

అంతకుముందు మేం చేసిందేమిటి?
డొంకలోంచి ఒక్క తీగ తెంపుకొచ్చి
కడిగి, దులిపి, మందు పట్టించి
మళ్ళీ ఆ డొంకలోకే పంపేవాళ్ళం.
మూడు నెలలకి వాడిపోయి వచ్చేది.
తీగదే తప్పనుకునేవాళ్ళం.

నా పని చూస్తూ కూచోవడం.
ఎవరు లేచాక ఎవరు దగ్గారు,
ఎవరి ప్లేటు ఎవరు తీశారు.
డెల్ఫీన్ నవ్విన రోజున
వాళ్ళమ్మ దుప్పటి ముసుగు తియ్యలేదు.
డెల్ఫీన్ గోడతో మాట్లాడిన రాత్రి
ఏడాదిగా పలకరించుకోని ఆ మొగుడూ పెళ్ళాం
ఒకే ఫ్లాస్కులో కాఫీ పంచుకున్నారు.
ఆ పిల్ల జబ్బే ఆ ఇంటికి నిట్టాడు.
ఇది రిపోర్టులో రాయలేదు.
రిపోర్టులో నర్సుకి ఇచ్చింది
ఉష్ణోగ్రత గడి ఒక్కటే.

తర్వాత బొమ్మలొచ్చాయి:
మగవాళ్ళు చదరాలు, ఆడవాళ్ళు సున్నాలు,
మాటల్లేనిచోట తెగిన గీత.
ఒక రాత్రి డ్యూటీలో మావాళ్ళని గీసుకున్నాను.
మా నాన్న చదరం నుంచి అమ్మ సున్నాకి
దారి లేదు.
ఉన్నదల్లా నా మీదుగా పోయింది.
కాయితం మడిచి బూటులో పెట్టుకున్నాను,
ఎందుకో తెలీదు.

డెల్ఫీన్‌కి నయమైందా అని అడుగుతారు.
యాభై తొమ్మిదిలో అందరూ వెళ్ళిపోయారు.
గ్లౌవు మాత్రం మర్చిపోయారు.

రిటైరయ్యాక మెయిన్ తీరంలో
సార్డీన్ల ఫ్యాక్టరీలో ప్రథమ చికిత్స గది నాది.
వేళ్ళు తెగినవాళ్ళు కొందరే.
మేస్త్రీలు పింకమ్‌కీ తిబొడోకీ పడదు,
అత్త మీద కోపం దుత్త మీద.
ఆ దుత్త పేరు రొజేర్, గుమాస్తా,
వారానికి మూడుసార్లు కడుపునొప్పి.
మాత్ర ఇవ్వలేదు.
మేస్త్రీలిద్దర్నీ పిలిచి కూచోబెట్టాను.
రొజేర్ లోపలికి రాబోతే
మూడో కుర్చీ బయట వేశాను.

ఇప్పుడు చర్చిలకీ బ్యాంకులకీ కూడా
ఇదే నేర్పుతున్నారట, ఖరీదుకి.
నాకైన ఖర్చు
పదకొండు నిమిషాలు.
పింకమ్ గడియారం చూశాడు,
తిబొడో తన బూట్లు చూసుకున్నాడు.
చివరికి "ఐసు చాలిందా?" అన్నాడొకడు.
"చాల్లేదు" అన్నాడు రెండోవాడు.
తలుపవతల
రొజేర్ యాపిల్ కొరికిన చప్పుడు.