పల్చటి తొక్క

యశవంతపుర మండీలో
హాసన్ లారీ తలుపు దించగానే
కొంగులు ముక్కులకడ్డం పెట్టుకున్నాం.
మూటల అడుగున నల్లనీళ్లు.
"అంగమారి" అన్నాడు మండీ గుమాస్తా,
"వారంలో చేన్లకు చేన్లు మాడిపోయినాయంట."

ఈ కంపు సంగతి నేను చిన్నప్పుడే విన్నాను.

క్లీవ్‌ల్యాండ్ టౌన్ కాన్వెంటు వంటింట్లో
మా అవ్వ ముంగారమ్మ ఉర్లగడ్డలు చెక్కుతుంటే
సిస్టర్ అసుంప్టా పక్కన కూర్చునేది.
తొక్క మందంగా లేస్తే చెయ్యి పట్టుకునేది.
వచ్చీరాని కన్నడంలో చెప్పేది,
ఐర్లండులో వాళ్ల ముత్తవ్వ కాలంలో
రాత్రికి రాత్రి ఆకు మసిబారిందని,
తవ్వితే గడ్డ
చేతిలో చీములా జారిందని.
గడ్డి తిని, పెదాలు పచ్చగా పోయినవాళ్లకి
ఊరంతటికీ ఒకే శవపెట్టె,
అడుగు తెరుచుకునేది.

అవ్వ కత్తి ఆపలేదు.
"ఉర్లగడ్డ చస్తే మనుషులెందుకు చావాల?
ఇంగేం పండలేదా మీ నేలలో?"

"పండింది. ఓడలెక్కిపోయింది."

అప్పుడు ఆగింది కత్తి.
ధాత కరువులో మడకశిర నుంచి
నడుస్తూ, దారిలో ముగ్గుర్ని వదిలేసి,
ఈ ఊరు చేరినవాళ్ల మునిమనవరాలు మా అవ్వ.
"మాది రైలెక్కింది" అంది.

ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయినా
ఇద్దరూ లేవలేదు.
ఆ పూట అన్నం ఆలస్యమైందని
మేం హాస్టలు పిల్లలం
కంచాలు వాయించి గోల చేశాం.

గుమాస్తా ఫోన్లో ఎవరికో
రేపటి ధర చెబుతున్నాడు.
కుళ్లు మూటలో మోచేతిదాకా చెయ్యి పెట్టి
గట్టిగా తగిలినదాన్ని పైకి తీశాను.
గోటితో గీకి చూశాను.
తొక్క
పల్చగానే లేచింది.